కిటికీ పక్క పేము కుర్చీ

మేడమీద ఇంగ్లీషు టీచరు ఖాళీ కుర్చీకి పాఠం చెబుతుందట అని కింది వాటా పిన్ని కూరగాయలవాడితో అందట. వాడు ఆ మాటను ఇస్త్రీ బండి దగ్గర దింపాడు. ఇస్త్రీ ఆయన దాన్ని మడత నలగకుండా తెచ్చి కుర్చీలల్లే అబ్బాయి చెవిన వేశాడు. దారిలో మాటకు కాళ్లూ చేతులూ మొలిచి, కుర్చీ తిరిగి జవాబు కూడా చెబుతుందనే దాకా పోయింది.

అబ్బాయి నవ్వేశాడు. ఆ మేడ అతనికి కొత్త కాదు. పాడైన పేము కుర్చీలన్నీ అల్లి పెడుతున్నాడని టీచరు అతన్నీ క్లాసులో చేర్చుకుంది. అతనికి ఇంగ్లీషు మీద కంటే టీచరు మీదే శ్రద్ధ ఎక్కువని ఆమెకు తప్ప అందరికీ తెలుసు. నిజానికి ఆమెకూ తెలుసు. తెలియనట్టుండటం ఇంకా బాగా తెలుసు.

అప్పుడు నడుస్తున్న పాఠం ఎదురుచూపులు.

"హోప్ అంటే, వస్తే బాగుండునని చూడటం. ఎక్స్‌పెక్ట్ అంటే, వస్తారని నమ్మి చూడటం. డ్రెడ్ అంటే, వస్తారేమోనని హడలుతూ చూడటం. లుకింగ్ ఫార్వర్డ్ అంటే, మన మనసు ముందే వీధి చివరికి వెళ్లి నిలబడటం" అని చెప్పేది.

పాఠమయ్యాక ఒక్కొక్కరూ లేచి, కిటికీ పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు తిరిగి, నిజంగా దేనికోసం ఎదురుచూస్తున్నారో ఇంగ్లీషులో చెప్పాలి. మనుషుల ముందైతే సిగ్గు, కుర్చీ ముందు సిగ్గేమిటని ఆమె వాదన.

టైలరు వర్షానికి లుకింగ్ ఫార్వర్డ్ అన్నాడు. మెట్లు దిగేలోపే చినుకులు పడ్డాయి. నర్సు హాస్టల్లో గది దొరకాలని హోప్ అంది. మర్నాడే దొరికింది. బ్యాంకు గుమాస్తా వేళాకోళానికి, మామగారు ఊడిపడతారేమోనని డ్రెడ్ చేస్తున్నానన్నాడు. ఆయన పెట్టే బేడాతో దిగి ఇప్పటికీ కదల్లేదు. క్లాసులో నవ్వులు తగ్గలేదు గానీ, కుర్చీకి దగ్గరగా నిలబడేవాళ్లు తగ్గిపోయారు.

చివర్న టీచరు చెప్పే వాక్యం మాత్రం ఎప్పుడూ ఒకటే. "ఐ యామ్ ఎక్స్‌పెక్టింగ్ యూ."

ఆ కుర్చీ ఆమె బావది. ఇద్దరూ కలిసే ఈ క్లాసు పెట్టారు, పెళ్లి కూడా అనుకున్నారు. ఒక వానాకాలం అతను ఏరు దాటుతుంటే పడవ తిరగబడింది. తక్కినవాళ్లంతా ఒడ్డుకు చేరారు, అతను దొరకలేదు. దొరకనివాడు పోయినట్టు కాదని ఆమె పట్టు.

అబ్బాయిని తొలిచేస్తున్నది వేరే సంగతి. పేమును తడిపి అల్లుతారు. ఆరితే డప్పులా బిగుస్తుంది. ఆ పైన మనిషి బరువు పడితేనే నడుమ కుంగుతుంది. ఎవరూ కూర్చోని ఆ కుర్చీని మాత్రం ఎన్నిసార్లు బిగించి అల్లినా, మళ్లీ వచ్చి చూసేసరికి నడుమ గుంట. చెయ్యి పెడితే చెమ్మ.

ఒక సాయంత్రం ముసురు పట్టి అతనొక్కడే వచ్చాడు. వచ్చీ రాగానే ఆ గుంట చూపించాడు.

"ఇందులో ఎవరు కూర్చుంటున్నారు టీచర్?"

"ఎవరు కూర్చుంటారు? మీ అల్లికే వదులు."

"నా అల్లికని అనండి, పడతాను. దీన్ని చూస్తూ మీరు ముసలైపోతుంటే మాత్రం చూడలేను."

ఈలోగా టీచరు నాయనమ్మ టీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చి, ఇంకో గ్లాసు కుర్చీ ముందు పెట్టి లోపలికెళ్లింది. రోజూ ఒక గ్లాసు ఎక్కువే తెస్తుంది. పెద్దదైపోయింది, లెక్క మరుస్తోందని అందరూ సరిపెట్టుకున్నారు.

అబ్బాయి లేచి కుర్చీ వైపు తిరిగాడు. నేర్చుకున్న ఇంగ్లీషంతా ఎటు పోయిందో, తెలుగే వచ్చింది.

"అన్నా, ఈమెను పెళ్లి చేసుకోవాలని ఎదురుచూస్తున్నాను. నువ్వు వచ్చేవాడివైతే రా. లేదంటే ఈమెను వదిలెయ్."

కిటికీ రెక్క దానంతటదే మూసుకుంది. బయట వాన పడుతూనే ఉంది, చప్పుడు మాత్రం ఆగిపోయింది.

టీచరు మొదటిసారి కుర్చీ మీంచి చూపు తిప్పి అతని వైపు చూసింది. "మెట్ల మీద నీ చెప్పుల చప్పుడు వినిపించేదాకా నాకు పాఠం మొదలుపెట్టబుద్ధి కాదు. దీన్ని ఇంగ్లీషులో ఏమంటారో నాకూ తెలీదు" అంది.

మీరు కాస్తా నువ్వు అయ్యేసరికి అతను ఆమె వైపు తిరిగి రెండడుగులు వెనక్కి వేశాడు. వెనక ఏముందో చూసుకోకుండా కూలబడ్డాడు. ఆ కుర్చీలోనే. చెమ్మ తగిలింది. చల్లగా కాదు, ఇప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు వెచ్చగా. అతను ఉలిక్కిపడటం చూసి ఆమె నవ్వింది. ఆ గదిలో ఆమె నవ్వి ఎన్నాళ్లయిందో.

నాయనమ్మను పిలిచి, సిగ్గుపడుతూనే సంగతి చెప్పింది. ముసలావిడ వచ్చి, ఇంకా ఆ కుర్చీలోనే ఉన్న అబ్బాయి తల నిమిరింది. తర్వాత కుర్చీ ముందున్న గ్లాసు తీసుకుంది. గ్లాసు ఖాళీగా ఉంది. నువ్వు తాగావా అన్నట్టు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇంతకీ నీకు ఇష్టమేనా నాయనమ్మా?" అంది టీచరు, గొంతు తగ్గించి.

"నాకిష్టమేనే, మంచి పిల్లాడు. కానీ వాణ్ని లేపి వీడు కూర్చున్నాడు. ఇప్పుడు వాడెక్కడ కూర్చోవాలి?"