పాటకి పెట్టిన పేరు

మా ఊరు చిటుంగ్విజాలో ఆదివారం మధ్యాహ్నం అందరూ తిని నడుం వాల్చే వేళ. ఆ రోజు వాన కూడా పడుతోంది. బయటి చప్పుడు రాకుండా నా గది గోడలకి పాత పరుపులు కొట్టుకున్నాను. అదే నా స్టూడియో. ఒక కంప్యూటరు, రెండు స్పీకర్లు, బోలెడంత డాబు.

మా మామయ్య పేరు మురంబివా. ఎంబీరా అనే వాద్యం వాయిస్తాడు. చెక్కపలకకి బిగించిన ఇనప రేకుల్ని బొటనవేళ్ళతో మీటితే పోయిన పెద్దలు దిగివచ్చి ఇంట్లో ఎవరో ఒకరిని ఆవహిస్తారు. ఒక్కో పాట ఒక్కొక్కరిది. ఎవరి పాటకి వాళ్ళే వస్తారు.

"ఊసుపోక వాయించకూడదురా అల్లుడూ. పిలిచి పలకరించకపోతే కోపమొస్తుంది వాళ్ళకి" అనేవాడు.

"అయితే ఎవరిదీ కాని పాట చేస్తాలే మామయ్యా. ఎవరొస్తారో చూద్దాం" అన్నాను. తెలివి ఎక్కువైతే ఇంతే.

ఆయన వాయించినవన్నీ రికార్డు చేసి కంప్యూటర్‌కి మేపాను. అన్నిటిలా ఉండాలి, దేనిలాగానూ ఉండకూడదు అన్నాను. నిమిషంలో పాట కట్టేసింది. నిజం చెప్పొద్దూ, వింటే ఏడుపొచ్చింది, అంత బాగుంది. దాచడానికి ఏదైనా పేరు పెట్టమంది. ఏం తోచక చెల్లెలి పేరు కొట్టాను. మిసోద్జి.

అమ్మ పోయాక నేను పెంచిన పిల్ల అది. నాకున్నదల్లా అదే. గింజలు పోసిన సొరబుర్ర గిలకలు ఆడించడంలో దాని తర్వాతే ఎవరైనా. మెషీను గిలకల్లో ప్రాణం లేదు, అందుకే మిసోద్జిని నిద్ర లేపాను.

"ఒక్కసారే వాయిస్తా. తర్వాత లేపితే ఊరుకోను" అంది ఆవులిస్తూ.

"రాణీగారికి పక్క కూడా నేనే వేస్తాలే."

పాట పెట్టాను. గిలకలు అందుకున్నాయి. కాసేపటికి ఏదో వాసన... పచ్చిపాల వాసన. మా ఇంట్లో పాలు కొని వారమైంది. గిలకల వేగం పెరిగింది. మిసోద్జి కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ, నన్ను చూడటం లేదు.

పాట ఆపేశాను.

గిలకలు ఆగలేదు. అది తల ఊపుతూ ఆ పాటనే పాడుతోంది... మెషీను ఇంకా కట్టని చరణాలు కూడా.

పరుగెత్తి మామయ్యని తీసుకొచ్చాను. ఆయన గుమ్మంలోనే కూర్చుని, అరచేతులు దొప్పలు చేసి మెల్లగా చప్పట్లు కొట్టాడు. పెద్దల్ని అలాగే పలకరించాలి.

"ఎవరమ్మా మా ఇంటికొచ్చింది?"

"మిసోద్జి."

మామయ్య ఊపిరి పీల్చుకున్నాడు. "పిల్ల తెలివిలోనే ఉందిరా..."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పాటకి నేను పెట్టిన పేరు అది. ఎవరిదీ కాని పాటని దానిది చేసేశాను. పాట దాన్నే పిలిచింది... కానీ ఎంబీరా పిలిచేది పోయినవాళ్ళనే కదా. మామయ్య చెవిలో చెప్పాను. ఆయన మళ్ళీ అరచేతులు దొప్పలు చేశాడు.

"ఎప్పుడు... ఎప్పుడు పోయావు తల్లీ?" అని అడిగాడు.

వాన చప్పుడు. ఆ వాసన.

"బిడ్డ ఏడుస్తోంది మామయ్యా" అంది. "ఎవరూ ఎత్తుకోరేం?"

ముసలి గొంతు కాదది. ఇరవై ఏళ్ళ గొంతు. పొద్దున టీలో పంచదార చాలలేదని నన్ను తిట్టిన గొంతే. అంటే అది పోయేది ముసలిదయ్యాక కాదు.

గిలకలు జారి పడ్డాయి. మిసోద్జి కళ్ళు నులుముకుంది. "నిద్ర పట్టేసిందా నాకు? ఏంటి, ఇద్దరూ అలా చూస్తున్నారు?"

ఏమని చెప్తాం? ఆ రాత్రే పాట చెరిపేశాను. నెల తిరిగేసరికి కంప్యూటరు కూడా అమ్మేశాను. మిసోద్జిని ఒంటరిగా ఎక్కడికీ పంపలేదు. అయినా ఆడపిల్లకి ఎన్నాళ్ళు కాపలా కాస్తాం?

నిన్న సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చుంది. చాలాసేపు గోళ్ళు గిల్లుకుంది.

"తిట్టనంటే ఒకటి చెప్తా అన్నయ్యా. నీళ్ళోసుకున్నాను. మూడో నెల. ఆ అబ్బాయి మంచివాడే, మామయ్యతో మాట్లాడటానికి వస్తానన్నాడు."

దగ్గరికి తీసుకున్నాను. భయంతో నా ఒళ్ళు వణుకుతుంటే, కోపమనుకుందో ఏమో, తల దించుకుంది. తర్వాత చిన్నగా అడిగింది.

"కడుపులో ఉండగానే బిడ్డ ఏడుస్తుందా, అన్నయ్యా?"