పెన్సిల్ అంకెలు చెరిపేస్తున్న గది

ఐసీయూ పక్కన డాక్టర్లు తెల్లకోట్లు తగిలించే గదికి మంచి పేరు లేదు. కిటికీ లేదు. ఉన్న ఒక్క దీపమూ దానికి బుద్ధి పుట్టినప్పుడు వెలుగుతుంది. రాత్రి రెండు దాటితే లోపల ఎవరో రుద్దుతున్నట్టు చప్పుడు... సర్... సర్... సర్... తెల్లారి చూస్తే బల్ల మీద రబ్బరు పొట్టు.

మామూలు దెయ్యాలైతే పీక నొక్కుతాయి, జుట్టు విరబోసుకుంటాయి. ఇది మటుకు పుస్తకాల్లో పెన్సిల్ రాతలు చెరుపుతుంది. చదువుకున్న దెయ్యమన్నమాట. ఎప్పుడో రిటైరై పోయిన లైబ్రరీ గుమాస్తానే ఇలా తిరుగుతున్నాడని పెద్ద సిస్టర్ తేల్చేసింది. ఆయన బతికే ఉన్నాడు, మొన్ననే మోకాలి నొప్పికి చూపించుకెళ్లాడు అని ఎవరో అంటే, అయినా సరే ఆయనే అంది.

చెరిపేది మత్తు డాక్టర్ల జేబు పుస్తకాలు. అరచేతి పొడుగు, ఇటుక మందం. ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములు ఇవ్వాలో చీమ తలకాయంత అచ్చులో ఉంటుంది. పేషెంటు బీపీ పడిపోతుంటే లెక్కలు కట్టే తీరిక ఎవరికుంటుంది? అందుకని ఇక్కడొక అలవాటు — మిల్లీగ్రాముల పక్కనే, మన సీసాలోంచి ఎన్ని ఎమ్మెల్ లాగాలో పెన్సిల్‌తో రాసుకోవడం. మత్తు విభాగం పెద్దాయన ఇరవై ఏళ్ల కిందట మొదలుపెట్టాడు. ఆయన పుస్తకంలోంచి శిష్యులు, వాళ్ల పుస్తకాల్లోంచి వాళ్ల శిష్యులు దించుకుంటూ వచ్చారు.

చిన్న డాక్టరమ్మ ఏడాది పాటు కూర్చుని దించుకుంది. ఒక్క రాత్రిలో, బీపీ పెంచే మందు పేజీలో అంకె మాయం.

ఆవిడ కోపం ఆసుపత్రి అంతా చూసింది. సిస్టర్లను కడిగేసింది. కొత్త డాక్టర్లను వరసగా నిలబెట్టి జేబులు చూపించమంది. రబ్బరు దొరకలేదు గానీ, ఒకడి జేబులో వారం కిందట పోయిన ఆవిడ పెన్ను దొరికింది. అది వేరే గొడవ.

మళ్లీ రాసింది. మళ్లీ పోయింది. మూడోసారి పెన్ను తీసి, కాగితం గంట్లు పడేలా నల్ల సిరాతో రాసింది — అర ఎమ్మెల్.

"ఇప్పుడు చెరపమను, చూస్తాను."

ఆ రాత్రే ఆరో బెడ్ మనిషికి బీపీ పడిపోయింది. పొద్దున పేగు ఆపరేషన్ అయిన బస్సు డ్రైవరు. మానిటర్ మీద ఎనభై... డెబ్బై... అరవై.

సిస్టర్ చిన్న గాజు సీసా మెడ విరిచి అందించింది. డాక్టరమ్మ అర ఎమ్మెల్ సిరంజిలోకి లాగింది. ఎందుకైనా మంచిది, ఒక్కసారి చూసుకుందామని జేబు తడుముకుంటే పుస్తకం లేదు. ఆ గదిలో తగిలించిన కోటులో ఉంది. నాలుగడుగులే. సిరంజితోనే పరిగెత్తింది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల చీకటి.

సర్... సర్... సర్...

ఒళ్లు జలదరించింది — ఒక్క క్షణం. ఆ వెంటనే కోపం భయాన్ని పక్కకు నెట్టేసింది. తలుపును కాలితో తన్నింది.

సెల్‌ఫోన్ వెలుతురులో... పెద్దాయన. ఇంట్లో గుర్రుపెట్టి నిద్రపోవాల్సిన మనిషి, ఆవిడ పుస్తకం మీద వంగి సిరాను రుద్దుతున్నాడు. పేజీకి చిల్లు పడింది.

ఆయన ఆవిడ ముఖం చూడలేదు. సిరంజి చూశాడు.

"ఎంత తీశావమ్మా?" గుసగుసగా అడిగాడు.

"అర."

"పారెయ్. ఆ సీసా మారింది... పదింతలు ఘాటు."

వెనక్కి పరిగెత్తి ఖాళీ సీసాను దీపం కింద పెట్టి చూసింది. అదే సైజు, అదే నీలం గీత. చిన్న అక్షరాల్లో రాసిన మందు ఘాటు మాత్రం పదింతలు. ఇంకో సీసా తీసి పలచన చేసి, సరైన కొలత ఇచ్చింది. డ్రైవరు బీపీ మెల్లగా పైకెక్కింది... అరవై అయిదు, ఎనభై, నూరు. సీసాలన్నిటికీ ఎర్ర టేపు అంటించమని సిస్టర్‌కు చెప్పి, మళ్లీ గదికి వచ్చింది. ఆయన అక్కడే కూర్చున్నాడు.

స్టోరు వాళ్లు వేసవిలో కంపెనీ మార్చారట. ఎవరికీ చెప్పలేదట. అంకె లేకపోతే కుర్ర డాక్టర్లు సీసా మీద చదివి లెక్క కట్టుకుంటారని ఈయన చెరుపుతూ వచ్చాడట. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన నోరు ఈ ఒక్క ముక్క చెప్పడానికి పెగల్లేదు.

"చెబితే... నాకెలా తెలిసిందని అడుగుతారమ్మా."

"ఎలా తెలిసింది సార్?"

ఆయన చిల్లు పడ్డ పేజీ మూశాడు.

"రెండో బెడ్... వేసవిలో పోయిన ఆ టీచరమ్మ. నేనే ఇచ్చాను. అర ఎమ్మెల్."

"ఇంట్లోవాళ్లకు ఏం చెప్పారు?"

"గుండె తట్టుకోలేదని..."

ఆవిడ బల్ల మీది పుస్తకం తీసి జేబులో పెట్టుకుంది.

"వాళ్లాయన ప్రతి నెలా షుగర్ మందులకు వస్తాడు. మీ గది ముందు ఆగి, మా ఆవిడ కోసం చాలా కష్టపడ్డారు డాక్టరుగారూ అని మీ చేతులు పట్టుకుని వెళ్తాడు. రేపు ఆయన వచ్చే రోజు సార్. నేను పక్కనే కూర్చుంటాను. మీరు చెబుతారు."