తేనెటీగ వేషం

క్రిస్మస్ మర్నాడు పొద్దున్నే విన్‌ఫ్రెడ్ తన కూతురి వంటగదిలో నిన్న మిగిలిన టర్కీ మాంసాన్ని రొట్టెలో పెట్టుకుంటోంది. డెబ్బై ఆరేళ్ల ఆవిడ ఒంటిమీద పసుపు, నలుపు చారల తేనెటీగ వేషం. యార్క్‌షైర్ తీరంలోని ఆ ఊళ్లో ఏటా ఈ రోజున జనం వేషాలు కట్టి, చలికి గడ్డకట్టే సముద్రంలో మునుగుతారు. అదే వేషం కట్టబోయే స్నేహితురాలు మోడ్‌తో కలిసి ఈసారి తనూ దిగాలని ఆవిడ ఆశ. ఇప్పుడే మోడ్ ఫోన్ చేసి చెప్పిన మాటతో ఆ ఆశ నీరుగారిపోయింది.

"నా పేరు తీయించేశావా, గిలియన్?"

కూతురు టీ కలుపుతూ తల తిప్పలేదు. "అవునమ్మా. నీకు గుండె బాలేదని అది జరిపేవాళ్లకి చెప్పాను."

"నా గుండెకేం? డాక్టరు దిగొచ్చన్నాడుగా."

"ఆయనకేం, ఎన్నైనా అంటాడు. ఈ వయసులో ఈ కోతివేషాలేంటి? ఊరంతా నవ్వదూ?"

గిలియన్ చెడ్డది కాదు. కానీ అమ్మ స్టూలెక్కకూడదు, సైకిలు తొక్కకూడదు, ఒక్కతే బస్సెక్కకూడదు. ప్రేమే, కాదనలేం. ఆ ప్రేమ కింద విన్‌ఫ్రెడ్‌కి ఊపిరాడటం లేదు.

"నిన్న టీవీలో ఆ ముసలావిడ వృద్ధాశ్రమం గోడ దూకి మోటారుసైకిలు మీద పారిపోతుంటే, లేచి చప్పట్లు కొట్టిందెవరు?"

"అది సినిమా అమ్మా."

"ముసలితనమంటే ఇలా ఉండాలి అన్నదెవరు? వద్దు వద్దంటూ వెంటపడ్డ ఆవిడ కూతుర్ని ఏడుపుగొట్టు మొహమని తిట్టిందెవరు?"

గిలియన్ చెంచా పక్కన పెట్టి తల్లివైపు తిరిగింది.

"సినిమాలో ఆవిడకేం కాదని ముందే తెలుసు. నీకేమన్నా అయితే నాకెవరున్నారమ్మా?"

విన్‌ఫ్రెడ్ కోపం సగం దిగింది. "ఆ కూతురి భయమూ ఇదేనేమో. నవ్వుల్లో పడి మనం చూడలేదు. ఉన్నన్నాళ్లూ నన్ను బతకనివ్వవే. దాచిపెట్టుకుని ఏం చేస్తావు?"

గిలియన్ ఏడ్చేసింది. కళ్లు తుడుచుకున్నాక తనే వాళ్లకి ఫోన్ చేసి, అబద్ధమాడానని ఒప్పుకుని, అమ్మ పేరు మళ్లీ చేర్పించింది.

మధ్యాహ్నం తేనెటీగలు రెండూ కేకలు పెడుతూ నీళ్లలోకి పరుగెత్తాయి. ఒడ్డున జనం పడీ పడీ నవ్వారు. తువ్వాలు గుండెకు హత్తుకుని నిలబడ్డ గిలియన్‌కి మాత్రం నవ్వు రాలేదు. అమ్మ తల నీళ్లపైకి తేలేదాకా ఊపిరి బిగబట్టే ఉంది. గడగడ వణుకుతూ వచ్చిన తల్లిని తువ్వాలులో చుట్టి గట్టిగా పట్టుకుంది.

"ఇక వదులు, మోడ్ పిలుస్తోంది. ఇంకోసారి మునగాలి" అంది విన్‌ఫ్రెడ్.

గిలియన్‌కి ప్రాణం ఉసూరుమంది. అయినా వదిలింది.