బుద్ధిగా కూర్చున్న పిల్లలు

పొద్దున్నే వంటింటి బల్ల మీద టీ గ్లాసు పక్కన పెట్టుకుని అమ్మడు లాప్‌టాప్ తెరిచింది. హాల్లో నాన్న పేపర్ చదువుతున్నాడు. అమ్మ ఆసుపత్రి డ్యూటీకి టైమైందని గబగబా యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. రెండు నిమిషాలు గడిచాయో లేదో, అమ్మడి మొహం జేవురించింది.

"నాన్నా! నేను రాసినవి ఎవరు మార్చారు?"

నాన్న యూనివర్సిటీలో సైకాలజీ ప్రొఫెసర్. కఠినంగా పెంచితేనే పిల్లలకు నిగ్రహం అలవడుతుందన్నది ఆయన ఎన్నాళ్లుగానో పట్టిన పట్టు. అది తేల్చడానికి నలభై మంది పిల్లలను వీడియో తీయించాడు. గదినిండా బొమ్మలుంటాయి. "నేనొచ్చేదాకా ముట్టుకోకు" అని చెప్పి తల్లో తండ్రో బయటికి వెళ్తారు. ముట్టుకోకుండా కూర్చున్న బిడ్డలో ఉన్నది నిగ్రహమా, భయమా అన్నది ఇద్దరు విడివిడిగా చూసి రాయాలి. ఒకరు ఆయన. రెండోవారు, ఈమధ్యే అదే చదువు పూర్తిచేసిన కూతురు.

"నేనే మార్చాను. తొమ్మిది చోట్ల తప్పు రాశావు. భయం, భయం, భయం! నీకింకో మాట రాదా?"

"విడివిడిగా రాయాలన్న రూలు మీరు పెట్టిందే కదా! నచ్చనివన్నీ దిద్దేసుకునేదానికి మధ్యలో నేనెందుకు? నా పేరు తీసేసి అన్నీ మీరే రాసుకోండి."

"ముప్ఫై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. నిన్నగాక మొన్న పట్టా తెచ్చుకుని నాకే పాఠం చెప్తావా?"

అమ్మడు లాప్‌టాప్ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టింది. "ఈ బాబుని చూడండి. చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. చూపంతా తలుపు మీదే. మీకిది నిగ్రహం! భయమని రాస్తే మీ పెంపకం తప్పని ఒప్పుకోవాలిగా!"

పేపర్ ఆయన చేతుల్లో నలిగింది. "ఏం లోటు చేశానే నీకు? ఒక్క దెబ్బ వేశానా?"

"బెల్టు కుర్చీకి వేలాడదీసి లెక్కలు చేయించేవారు. నిజమే, కొట్టలేదు. కొట్టాల్సిన అవసరమే రాలేదు!"

అమ్మ ఇస్త్రీపెట్టెను ఠకామని నిలబెట్టింది.

"ఇక ఆపండి! ఏవండీ, మీరు మీ పెంపకాన్ని చూసుకుంటున్నారు. ఇది దాని చిన్నతనాన్ని చూసుకుంటోంది. మరి ఆ పిల్లల్ని చూస్తున్నదెవరు?"

"అంటే ఆయనా నేనూ ఒకటేనా అమ్మా?"

"కాదు. దిద్దడం ఆయన తప్పు, ముమ్మాటికీ తప్పు. అలాగని నీ కళ్లు మాత్రం నిక్కచ్చివని ఎవరు చెప్పారు? మా వార్డులో బీపీ మీద అనుమానం వస్తే ఇంకో నర్సుని పిలిచి చూడమంటాం. ముందు ఎంతొచ్చిందో చెప్పం. చెప్తే ఆవిడకీ అంతే కనపడుతుంది."

మూడు రోజులు తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు. నాలుగోరోజు ఆయన కూతురు రాసినవన్నీ తిరిగి ఉన్నవున్నట్టు పెట్టి, గొడవొచ్చిన తొమ్మిది వీడియోలను ముక్కూమొహం తెలియని ఒక కౌన్సెలర్‌కి పంపాడు. ఎవరేం రాశారో చెప్పలేదు.

ఆదివారం పొద్దున జవాబు వచ్చింది. ఇద్దరూ ఒకే స్క్రీన్ ముందు కూర్చున్నారు. ఆరుగురిలో భయం. ఇద్దరి సంగతి తేల్చలేనని కౌన్సెలర్ రాసింది. ఒక పాప మాత్రం హాయిగా కూనిరాగం తీస్తోందట.

అమ్మడు ఆ వీడియో మళ్లీ పెట్టింది. సన్నగా, స్పష్టంగా రాగం వినిపిస్తోంది. "నాలుగుసార్లు చూశాను నాన్నా," అంది గొంతు తగ్గించి. "నాకు వినపడనే లేదు."

ఆయన ఆ పాపను చూడటం లేదు. "ఆరుగురు," అన్నాడు. "ఒక్కరిలోనూ నాకు కనపడలేదు." కూతురి వైపు తిరగకుండానే అడిగాడు. "నీకు నేనంటే అంత భయమా?"

ఎన్నేళ్లుగానో కూడబెట్టుకున్న కోపంతో జవాబివ్వాలనుకుంది. కానీ మాట మెల్లగానే వచ్చింది.

"మీ స్కూటర్ చప్పుడు వినగానే బొమ్మలన్నీ మంచం కిందికి తోసేసేదాన్ని. ఏ పుస్తకం దొరికితే అది తెరిచి కూర్చునేదాన్ని. ఒక్క అక్షరం చదివితే ఒట్టు."

ఆయన కూతురి వైపు తిరిగాడు. "నేనొచ్చేసరికి నీ చేతిలో ఎప్పుడూ పుస్తకమే ఉండేది. నా కూతురంత బుద్ధిమంతురాలు లేదని... కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నానమ్మా."

కళ్లజోడు తీసి, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. అమ్మడికి కోపం పూర్తిగా పోలేదు. అయినా కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంకా చెప్పమ్మా," అన్నాడాయన. "నేనేం అడ్డురాను."

అమ్మడు చెప్పడం మొదలుపెట్టింది.