పిడుగుకోన గుహ

బుల్లెట్టు హ్యాండిలుకి కొత్త గ్రిప్పు తొడుగుదామని కాత్యాయని పాతదాన్ని చాకుతో కోసి లాగింది. గొట్టంలోంచి చుట్టగా చుట్టిన తోలుముక్క ఒకటి జారి ఆమె ఒళ్లో పడింది.

అనకాపల్లిలో ఆ మెకానిక్ షెడ్డు మొగుడూ పెళ్లాలిద్దరిదీ. ఇంజను విప్పడం త్రినాథ్ పని, బిగించడం ఆమె పని. పోయిన వానాకాలం ఒంటరిగా సీలేరు కొండల్లోకి వెళ్లిన త్రినాథ్ తిరిగి రాలేదు. రోడ్డు పక్కన స్టాండు వేసి ఉన్న ఈ బుల్లెట్టు మాత్రం దొరికింది. వాగులో కొట్టుకుపోయి ఉంటాడన్నారు పోలీసులు. "వాగూ లేదు, వంకా లేదు. ఒరిస్సా వైపు ఎవత్తెతోనో కాపురం పెట్టుంటాడు" అన్నారు చుట్టాలు. ఆ మాట విన్నప్పుడల్లా కాత్యాయని సిగ్గుతో తల దించుకునేది. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ఆ మాటనే పట్టుకుని వేలాడేది. ఎవత్తెతో ఉంటేనేం? బతికి ఉన్నట్టే కదా!

తోలుముక్క విప్పి చూసింది. ఎండిన జింకతోలు మీద కాల్చిన కడ్డీతో గీసిన గీతలు. ఒక నది, మూడు కొండలు, జంటగా దూకుతున్న జలపాతాలు, వాటి వెనక ఒక నల్లటి చుక్క.

మన్యం తిరుగుబాటు, ఆ పితూరీ రోజుల్లో తెల్లదొరల పటాలం తరుముకొస్తుంటే కొండ ఊళ్లనేలే ముఠాదారు ఒకడు తన వంశం కూడబెట్టిన బంగారమంతా పిడుగుకోన గుహలో దాచాడనీ, ఆ చోటు తోలు మీద గీసి దాచి, ఎవరికీ చెప్పకుండానే ఉరికంబం ఎక్కాడనీ త్రినాథ్ వాళ్ల తాత కథలుగా చెప్పేవాడట. ఆ కథని త్రినాథ్ నమ్మాడని ఆమెకు తెలుసు. ఇంతలా నమ్మాడని తెలియదు.

నిధి కోసం వెళ్లినవాడు ఎవత్తె దగ్గరికీ వెళ్లలేదు. గుహకే వెళ్లాడు. వెళ్లినవాడు తిరిగి రాలేదు.

మర్నాడు తెల్లవారుతూనే తాడూ, టార్చిలైటూ, పానాల సంచీ వెనక సీటుకి కట్టి, షెడ్డుకి తాళం వేసి బండెక్కింది.

నర్సీపట్నం దాటాక కొండలు మొదలయ్యాయి. లంబసింగి మలుపుల్లో మబ్బులు రోడ్డు మీదికే దిగివచ్చి హెల్మెట్ అద్దాన్ని కప్పేశాయి. చింతపల్లి తర్వాత కాఫీ తోటలు, మిరియాల తీగలు. ఆ పైన మనిషి అలికిడి లేని దట్టమైన అడవి. వాన ఆగి ఆగి కురుస్తోంది. ఒక వంపు తిరిగేసరికి నల్లకొండలాంటి అడవిదున్న రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉంది! బ్రేకు మీద కాలు నొక్కింది. వెనక చక్రం బురదలో జర్రున జారి, బండి లోయ అంచుదాకా ఈడ్చుకుపోయి ఆగింది. దున్న ముక్కుపుటాలు ఎగరేసి, గిట్టలతో నేల గీరి, ఏమనుకుందో మెల్లగా పొదల్లోకి దిగిపోయింది. కాత్యాయని హ్యాండిలు మీద తలవాల్చింది. 'నువ్వూ ఇక్కడే ఇలా భయపడ్డావా?' అనుకుంది.

సీలేరు దరిదాపుల్లో పటంలోని మూడు కొండలు కనిపించాయి. వాటి కింద ఏడెనిమిది ఇళ్ల ఊరు. చూరు కింద బుట్ట అల్లుకుంటున్న సోమన్న పడాల్ అనే ముసలాయన బండి చప్పుడుకి తలెత్తి, బండిని చూడగానే చేతిలోని వెదురుబద్ద కింద పడేశాడు.

"ఈ బండి నానెరుగుదును. ఆ బాబు నీకేటవుతాడమ్మా?"

"మా ఆయన. గుహకి వెళ్లాడా?"

"ఎల్లొద్దని ఎంత మొత్తుకున్నా ఇన్నాడు కాదు. రెండు దినాలు సూసి కోన దాకా ఎల్లి కేకేసినాను. గుహ నిండా నీళ్లు. ఇంకో దారంట దిగిపోయుంటాడులే అనుకున్నాను. ఆ బాబు కోసం మా ఊరొచ్చి ఎవులూ అడగనేదు." ఆయన కోన వైపు చెయ్యి చూపాడు. "ఆ గుహ మా అన్నని మింగీసిందమ్మా. మా ఊరోళ్లెవరం లోనికెల్లం."

"నన్ను వాకిలి దాకా తీసుకెళ్లు బాబూ. లోపలికి నేను వెళ్తాను."

పడాల్ ఆమె ముఖంలోకి చూశాడు. కత్తి నడుముకి చెక్కుకుని లేచాడు.

అడ్డుతీగలు నరుక్కుంటూ, పాకుడు రాళ్లు పట్టుకుని పాకుతూ ఇద్దరూ కోనలోకి చేరేసరికి పొద్దు పడమటికి తిరిగింది. జంట జలపాతాలు హోరెత్తిపోతున్నాయి. ఆ నీటితెర వెనక నోరు తెరిచినట్టున్న గుహ! పడాల్ తాడు ఒక కొస వాకిట్లోని మద్దిచెట్టు మొదలుకి కట్టాడు. రెండో కొస ఆమె నడుముకి బిగించాడు.

"కొండ మీద మబ్బు కమ్ముతున్నాది. నీరు పెరిగితే తాడు లాగుతాను. అప్పుడిక ఆగకు తల్లీ!"

కాత్యాయని లోపలికి దూరింది. టార్చి వెలుగు పడగానే గబ్బిలాల గుంపు బుస్సున లేచి ముఖం మీదుగా ఎగిరిపోయింది. దారి ఇరుకై, ఇంకా ఇరుకై, చివరకు బోర్లా పడుకుని పాకాల్సి వచ్చింది. మోకాళ్లు చీరుకుపోయాయి. ఇంతలో ముందుకు చాచిన చేతికి నేల తగల్లేదు. టార్చి కిందికి తిప్పింది. నిట్టనిలువు గొయ్యి. అడుగున ఎర్రటి రెయిన్‌కోటు.

ఆ కోటు తనే కొన్నది.

తాడు పట్టుకుని, గోడకి కాళ్లు తన్నిపెట్టి కిందికి దిగింది. గోడకి ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడు త్రినాథ్. ఎముకలే మిగిలాయి. కుడికాలు తొడ దగ్గర విరిగింది. విరిగిన చోట పొడుగాటి రింగు పానా ఆనించి, చొక్కా చింపి తనకు తానే కట్టు కట్టుకున్నాడు. ఆ కట్టు వదులుగా ఉంది.

"నీకు బిగించడం ఎప్పుడొచ్చింది గనక?" అంది కాత్యాయని. అని, ఆ ఎముకల మీద వాలిపోయి ఏడ్చింది. ఏడాదిగా చుట్టాలు అన్న మాటలన్నీ అబద్ధమయ్యాయి. ఆ అబద్ధాల్లో ఒక్కటి నిజమైనా బాగుండేది. ఎక్కడో ఒకచోట ఎవరితోనో నవ్వుతూ ఉండేవాడు.

కళ్లు తుడుచుకుని చూస్తే, పక్కనే రాతిగూట్లో మూత తీసిన కంచు గంగాళం. దాన్నిండా వరహాలు, కాసులపేర్లు, వడ్డాణాలు. అన్నేళ్ల చీకట్లోనూ బంగారం వన్నె తగ్గలేదు. త్రినాథ్ పక్కనున్న సంచీ కూడా బంగారంతో బరువుగా ఉబ్బి ఉంది. కోరుకున్నదంతా చేతికందే దూరంలో పెట్టుకుని, పైకి ఎక్కలేక, పిలిస్తే పలికేవాళ్లు లేక ఎంతసేపు కూర్చున్నాడో!

నడుముకున్న తాడు చటుక్కున బిగిసింది. వాకిట్లోంచి పడాల్ అరుపు గుహంతా మార్మోగింది.

"నీళ్లు! నీళ్లొచ్చెత్తన్నాయి! ఎక్కీ తల్లీ, ఎక్కీ!"

పగుళ్లలోంచి బురదనీరు చిమ్మింది. చూస్తుండగానే పాదాలు మునిగాయి, పిక్కలు మునిగాయి. కాత్యాయని సంచీ అందుకుని తలకిందులు చేసింది. వరహాలు గలగలమంటూ నీళ్లలో రాలిపోయాయి. వాటి వైపు చూడనైనా చూడలేదు. త్రినాథ్ ఎముకల్ని ఒక్కొక్కటే, నిద్రపోతున్న బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తి, ఎర్రకోటులో చుట్టి సంచీలో పెట్టుకుంది. వీపుకి కట్టుకుంది.

"లాగు బాబూ! లాగు!"

గోడ జారుతోంది. రెండుసార్లు జారి నీళ్లలో పడింది. మూడోసారి గోళ్లు విరిగినా రాతి అంచు వదల్లేదు. ఇరుకుదారిలో నీరు గడ్డం దాకా వచ్చింది. ఊపిరి బిగపట్టి, సంచీ రాళ్లకి తగలకుండా పక్కకి ఒరిగి, తాడు ఎటు లాగితే అటు పాకింది. వెలుగు కనిపించింది. పడాల్ ఆమె జబ్బ పట్టుకుని బయటికి లాగిపడేశాడు. ఆ వెనకే గుహ నోటి నిండా వరదని వెళ్లగక్కింది. లోపలెక్కడో బండలు విరిగిపడ్డ చప్పుడు ఉరుములా వినిపించింది.

ఇద్దరూ రాతి మీద పడి రొప్పారు. పడాల్ ఆమె వీపు మీది సంచీ చూశాడు.

"దొరికిందా అమ్మా?"

"దొరికాడు" అంది కాత్యాయని.

ముసలాయన మెల్లగా తలపాగా తీసేశాడు.

పోలీసులు వచ్చి పంచనామా చేశారు. గుహ చూడబోయి గోతిలో పడ్డాడని చెప్పింది. బంగారం ఊసు ఎత్తలేదు. ఎత్తితే మర్నాటికే ఆ కోన నిండా గునపాలు దిగుతాయి, ఇంకెందరో కాళ్లు విరుగుతాయి. పడాల్ కూడా ఏమీ అడగలేదు. ఊరివాళ్లే కట్టెలు మోసుకొచ్చి ఏటి ఒడ్డున చితి పేర్చారు. నిప్పంటించాక కాత్యాయని జాకెట్టులోంచి జింకతోలు తీసి మంటలో వేసింది. అది చిటపటలాడి, ముడుచుకుపోయి, నల్లబడింది.

"ఇంటికెల్తావా తల్లీ?" అన్నాడు పడాల్.

"గోదారికి. రాజమండ్రిలో కలిపి వెళ్తాను."

"బండి మీదే? ఒక్కదానివే?"

అస్థికల ముంతని పసుపుగుడ్డలో మూటగట్టి, వెనక సీటు మీద తాడుతో జాగ్రత్తగా బిగించింది. ఒకసారి కదిపి చూసుకుంది. కదల్లేదు. పడాల్ పాదాలకి దండం పెట్టి బండి స్టార్టు చేసింది.

మోతుగూడెం దాటింది. చింతూరు దాటింది. మారేడుమిల్లి ఘాటులో దిగుతుంటే వాన వెలిసి, చెట్ల సందుల్లోంచి ఎండ రోడ్డు మీద పడుతోంది. ఎదురుగా పాములాంటి మలుపు. కాత్యాయని వేగం తగ్గించింది.

"మలుపొస్తోంది" అంది వెనక్కి తిరక్కుండానే. "గట్టిగా పట్టుకో."

ఘాటు దిగేదాకా ప్రతి మలుపు దగ్గరా చెబుతూనే ఉంది.