మోహనలో రెండో సంగతి

జమ్మలమడుగు పెళ్లిలో ఆ మోహన రాగ కీర్తన విన్నప్పటి నుంచి నూర్ అహ్మద్‌కు అన్నం సయించలేదు. ఎండిపోయిన పెన్నకు నీళ్లతో సహా రమ్మని రాముణ్ణి పిలిచే కీర్తన అది. సింహాద్రిపురంలో పుట్టి, మీసాలు రాకముందే నాదస్వరం పట్టిన తనకు తెలియని కీర్తన ఈ సీమలో ఉందా అని మొదట రోషం వచ్చింది. ఆ తర్వాత డోలు నారాయణ చెప్పిన మాటకు నోరు తెరిచాడు.

“దాన్ని కట్టినాయన పొద్దుటూరులోనే ఉండాడప్పా. హబీబుల్లా సాయిబు.”

“బతికే ఉండాడా?”

“మొన్న గూడా సంతలో వంకాయలు బేరం చేస్తాండె.”

కీర్తనలు కట్టేవాళ్లంటే ఎప్పుడో కాలం చేసి, పటాల్లో దండలు వేయించుకునేవాళ్లని నూర్ నమ్మకం. వంకాయలు బేరమాడే వాగ్గేయకారుణ్ణి చూడాలని మర్నాడే బస్సెక్కాడు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ప్రొద్దుటూరు బస్సు దారిలో ఎక్కడ మొరాయిస్తుందో డ్రైవరుకే తెలియదు.

ఇల్లు కనుక్కున్నాడు గానీ తలుపు తట్టలేదు. తన గొప్ప తెలియాలి గదా! వీధిలోనే నిలబడి ఆ మోహన ఎత్తుకున్నాడు. పల్లవి సగమైనా కాకముందే కిటికీ రెక్క దభాలున తెరిచి ఒక పిల్ల తల బయటపెట్టింది.

“ఎవరయ్యా నువ్వు? రెండో సంగతిని ఖూనీ చేస్తాండావు!”

పల్లవి ఒక్కటే అయినా, పాడిన ప్రతిసారీ కొత్త మలుపు తిప్పడాన్ని సంగతి వేయడం అంటారు. ఆ మలుపు దగ్గరే దొరికిపోయాడు నూర్.

“పెళ్లిలో ఇట్లే విన్నా” అన్నాడు బింకంగా.

“పెళ్లిలో నీ చెవులు లడ్లకాడ ఉన్నెట్టుండాయి. పైకి పోయి దిగాల. నువ్వు దిగి పైకి పోతాండావు.”

అంత కోపంలోనూ ఆ గొంతు శ్రుతి తప్పలేదు. నూర్ అక్కడే మునిగాడు. పిల్ల అందంగా ఉందా లేదా అని చూసుకునే తీరిక తర్వాత దొరికింది. ఉంది, చాలా అందంగానే ఉంది.

లోపలి నుంచి దగ్గుకుంటూ హబీబుల్లా వచ్చాడు. ఆయాసం పట్టాక ఆయన నాదస్వరం గూటికెక్కింది.

“ఉండు మున్వర్. అబ్బీ, ఆ తప్పు మళ్లా ఒకసారి వాయించు.”

నూర్ మళ్లీ వాయించాడు. పెద్దాయన కళ్లు మూసుకుని విన్నాడు.

“బాగుందే! ఇంగమీదట అట్లే ఉండనీ.”

“అబ్బా! ఇన్నాళ్లూ నేను పాడిందేం గావాల?” అని కూతురు గయ్యిమంది.

“కట్టినోడు బతికే ఉండాడు గదమ్మా. నేనుండేదాకా పాట గూడా పెరుగుతాంటాది.”

ఆ మాటకు నూర్ అరుగు మీదే కూర్చుండిపోయాడు. ఆ పూట నుంచే శిష్యుడయ్యాడు.

ముందు నోటితో పాడాలి, గురువు తలూపాకే నాదస్వరం ముట్టాలి. ఆ ఇంటి పద్ధతి అది. గురువుకు ఊపిరి అందనప్పుడు మున్వర్ తలుపు చాటు నుంచి అందుకునేది. ఒక కీర్తనలో పెన్న ఇసుకలో చెలమ తోడే ఆడవాళ్ల చేతుల ఊపు ఉండేది. ఇంకొకదానికి మగ్గం చప్పుడే తాళం. ఇదంతా ఈ మట్టిమిద్దెలో కూర్చుని ఈయన కట్టాడా అని నూర్‌కు ఒళ్లు గగుర్పొడిచేది.

“నోరు మూసుకో, ఈగలు పోతాయి” అనేది మున్వర్. ఆ నవ్వు చూసి పాడాల్సింది మరిచిపోయేవాడు.

ఇంతలో పులివెందుల నుంచి సంబంధం వచ్చింది. బట్టల అంగడి వాళ్లు, మంచివాళ్లే. పిల్లోడి తల్లి ఖమర్‌బీ మాత్రం ఒక్క మాట ఖండితంగా చెప్పింది, పాట పుట్టింట్లో వదిలి రావాలని. హబీబుల్లా కీర్తనలన్నీ ఉన్నది మున్వర్ గొంతులోనే. నూర్ నేర్చింది ఇంకా పిడికెడు. అయినా ఆయన, “నా పాటల కోసరం బిడ్డ బతుకు ఆపుతానా?” అని, శుక్రవారం రమ్మని కబురు పంపాడు.

“నువ్వేమన్నావు?” అని నూర్ ఆత్రంగా అడిగాడు.

“నన్నెవరు అడిగినారు? అడగాల్సినోళ్లు నాదస్వరం ఊదుకుంటాండారు” అని మున్వర్ విసవిసా వెళ్లిపోయింది.

 నూర్‌కు మాటల్లో అడిగే ధైర్యం లేదు. పెన్న ఇసుకలో కూర్చుని, తన సంగతి మరిచి ఆమె సంగతి పట్టేదాకా సాధన చేశాడు.

శుక్రవారం వాన దంచికొట్టింది. “వాళ్లొచ్చే లోపల ఆ మోహన ఒకసారి వినిపించండి” అన్నాడు హబీబుల్లా. ఆ గొంతులో దిగులు ఇద్దరికీ తెలిసింది.

మున్వర్ పాడింది, నూర్ వాయించాడు. రెండో సంగతి దగ్గర అతను పైకి పోయాడు, ఆమె కిందికి దిగింది. ఇద్దరూ ఠక్కున ఆగారు.

“పైకి పోవాలని నువ్వే చెప్తివి గదా!”

“అది నాది. నేను నీది నేర్చుకున్యా.”

హబీబుల్లా నూర్ వైపు తిరిగాడు.

“ఎవరి కోసరం మార్చినావురా?” అన్నాడు గురువు.

“మున్వర్ కోసరం, ఉస్తాద్. మీ పాటలంటే నాకు ప్రాణం. మున్వర్ అంటే అంతకన్నా ఎక్కువ. అడిగేదానికి నోరు రాక ఊదినా.”

“నువ్వమ్మా?”

మున్వర్ తల వంచుకుంది. “ఆయన దిగితే, నేను గూడా ఆయనతోపాటు దిగుదామని, అబ్బా.”

హబీబుల్లా దగ్గొచ్చేదాకా నవ్వి, కళ్లు తుడుచుకున్నాడు. “మీరిద్దరూ రెండిండ్లలో ఉంటే నా పాట ఇంగ కుదురుకోదు. రెండూ ఉండనీ. దాని మీద ఇంకోటి వేస్తా, వినండి.”

సన్నగా కూనిరాగం తీశాడు. అప్పటిదాకా ఈ లోకంలో లేని సంగతి ఒకటి తడుముకుంటూ వచ్చి, వాళ్ల కళ్లముందే నిలబడింది. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకోవడం కూడా మరిచి ఊపిరి బిగబట్టారు.

అది ముగిశాక చూస్తే గడప దగ్గర ఖమర్‌బీ, తల నుంచి కాలిదాకా తడిసి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో, ఎవరినీ పిలవలేదు.

“ఆ పిల్లోనికే ఇయ్యి సాయిబూ. ఇట్లాంటిదాన్ని నా ఇంట్లో మూసిపెడితే నాకు పాపం తగుల్తాది” అందామె. “పాట మళ్లా ఒకసారి ఎత్తుకోమను. ముందు నాకొక తువ్వాల ఇయ్యండి.”