ఎడమచేతి గాట్లు

పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని పనిగదిలో అడుగుపెట్టిన కోడలికి, అత్తగారు టేకు పలక మీద వంగి అక్షరాలను వేలితో తడుముతూ కనిపించింది. ఆవిడకు కోపం ముక్కు మీదే ఉంటుందని వీధి వీధంతా తెలుసు. ఈ పూట మాత్రం అరవలేదు. కోడలు అక్కడే ఆగిపోయింది.

పెళ్లైన కొత్తలో మొదలుపెట్టి ఆవిడ చరిత్రలోని గొప్పవాళ్ల మాటలను చెక్క మీద చెక్కుతూనే ఉంది. ఊళ్లో ఏ బడి గోడ చూసినా ఏ రాజో రాణో ఆవిడ అక్షరాల్లోనే ధైర్యం చెబుతుంటారు. ఇప్పుడు గ్రంథాలయం కోసం ఓ పాతకాలపు రాణి మాట చెక్కుతోంది: "కోట సంగతి తర్వాత, ముందు మనుషులను లేపండి."

పాపం, ఈమధ్య చేతులు వణుకుతున్నాయి. ఉలి జారి అక్షరం అంచు చిట్లినప్పుడల్లా, మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసే వేళ కోడలు గుట్టుచప్పుడు కాకుండా సరిచేస్తోంది. పక్కన కూర్చుని చూసి నేర్చుకున్న విద్యే. దొరకననే అనుకుంది. కానీ ఆమెది ఎడమచేతి వాటం. గాట్లన్నీ ఎదురు పక్కకు వాలాయి.

"ఇవి నా గాట్లు కావు. ఎన్నాళ్లుగా సాగుతోందమ్మా ఈ దొంగపని?" అంది అత్తగారు.

గొడవ పసిగట్టి వచ్చిన కొడుకు, అది తన పనేనని నేరం నెత్తిన వేసుకోబోయాడు. నీకు మేకు కొట్టడమే చేతకాదు, అవతలికి పొమ్మంది తల్లి. బతుకు జీవుడా అని అతను జారుకున్నాడు.

"వెనకాల దిద్దుతూ, ముందు మెచ్చుకుంటూ... నన్ను చిన్నపిల్లను చేశావు."

"చెబితే మీరు ఉలి పక్కన పడేస్తారని భయమేసింది అత్తయ్యా," అంది కోడలు. "ఉలి పట్టుకున్నప్పుడే మీరు మీలా ఉంటారు. మిగతా వేళల్లో మామయ్య ఫోటో వంకే చూస్తూ కూర్చుంటారు."

అత్తగారి కళ్లు నిండాయి.

"నేనూ దాచానుగా," అంది మెల్లగా. "చేతులు పోయాయని తెలిస్తే ఈ ఇంట్లో ఓ మూల కూర్చోబెడతారని."

కోడలు గ్లాసు కింద పెట్టేసి ఆవిడను పట్టుకుని ఏడ్చేసింది. ఆ వణికే చేతులే ఆమె వీపు నిమిరాయి. కాసేపటికి అత్తగారు ముఖం తుడుచుకుని, ఎడమచేతికి వీలుగా పలకను తిప్పింది.

"ఇక గీయడం నాది, చెక్కడం నీది. పెన్సిలు గీత వణికితే చెరుపుకోవచ్చు. నువ్వు తప్పు చెక్కావో, తిట్లు తప్పవు."

"తిట్టండి," అంది కోడలు, కన్నీళ్లలోనే నవ్వుతూ.

ఆవిడ ఆలస్యం చేయలేదు. "ముందా ఉలి సరిగ్గా పట్టుకో, మొద్దూ."